తాబేలుకు కుదిరిన గేర్‌బాక్సు

ఆ షెడ్డుకి బోర్డు లేదు. ఉన్నా చదివే ఓపిక ఎవరికుంది! వీధి మొదట్లో నిలబడి "పళ్ల డాక్టరెక్కడండీ?" అంటే చాలు, చిన్నా పెద్దా ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు. ఓసారి పాపం ఎవరో పెద్దమనిషి దవడ వాచి, చెంపకి తువ్వాలు కట్టుకుని నిజంగానే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపు గోడకి వేలాడుతున్న సుత్తుల్నీ పటకార్లనీ చూశాడు. తర్వాత నోరు మెదపకుండా లేచి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. దెబ్బకి నొప్పి తగ్గిందో ఏమో, మళ్లీ కనబడలేదు.

మన డాక్టరు చూసేవి గేరు చక్రాల పళ్లు. లారీదైనా కారుదైనా గేర్‌బాక్సు విప్పుతాడు, చక్రాలన్నీ కిరసనాయిలులో కడుగుతాడు, పాత దుప్పటి మీద వరసగా పేర్చి కళ్లజోడు ముక్కు కొసకి లాక్కుని చూస్తాడు. చూసి బండి సంగతి చెప్పడు, తోలేవాళ్ల సంగతి చెప్తాడు. "ఈయన ఊరికే గేరు రాడ్డు మీద చెయ్యేసుకుని కూర్చుంటాడు." "ఈవిడ బండి పూర్తిగా ఆగకముందే రివర్సు వేస్తుంది, ఇంట్లోనూ ఇంతే తొందర మనిషై ఉంటుంది." ఒకాయనతో అయితే "మీకు తెలీకుండా మీ అబ్బాయి బండి తీస్తున్నాడు సార్" అనేసి, ఆ ఇంట్లో పెద్ద రభసే పెట్టాడు. అబద్ధమైతే కదా తిట్టడానికి!

ఆయనకి ఇంకో పిచ్చి కూడా ఉంది. పని ఒప్పుకునే ముందు, బండి యజమాని తనని ఎక్కించుకుని ఒక చుట్టు తోలాలి. నీళ్ల ట్యాంకు దగ్గర ఎత్తు ఎక్కి, దిగి, వెనక్కి రావాలి. ఈయన పక్క సీట్లో కూర్చుని, రోడ్డు వైపు చూడకుండా, తల వంచి వాళ్ల కాళ్లే చూస్తాడు. వీధిలో దానికి 'కాళ్ల పరీక్ష' అని పేరు. "ఏమయ్యా, రిపేరుకొచ్చావా, నా కాళ్లకి దణ్ణం పెట్టడానికొచ్చావా?" అని ఒకావిడ ఎగతాళి చేస్తే, "గేర్‌బాక్సు ఇంజనుకి సరిపోతే చాలదమ్మా, కాలికి సరిపోవాలి. చెప్పులు కొనేటప్పుడు కాలు చూడరూ?" అన్నాడు. కాళ్ల పరీక్ష లేకుండా ఆయన ఒక్క బోల్టు విప్పడు. మంత్రిగారి బండైనా సరే.

ఈ చదువంతా ఆయనకి ఎక్కడబ్బింది? అక్క దగ్గర. తండ్రి పోయేనాటికి అక్కకి పంతొమ్మిది, ఈయనకి తొమ్మిది. తండ్రి వదిలిపెట్టింది ఒకే ఒక్క పాత కారు. మీగడ రంగు, గుండ్రటి వీపు, నింపాది నడక. ఊళ్లో పిల్లలు దానికి తాబేలని పేరు పెట్టారు. అక్క దాన్ని తోలుకునే ఇల్లు నడిపింది. పొద్దునా సాయంత్రం బడి పిల్లల్ని దింపడం, మధ్యలో ఆస్పత్రి నర్సుల్ని చేర్చడం. ముందు సీటు బెంచీలా ఒకటే పొడుగు. అక్కకీ, కిటికీ పక్కన కూర్చున్న బేరానికీ మధ్యలో తమ్ముడు. గేరు రాడ్డు కింద నేల మీద ఉండేది కాదు, స్టీరింగు పక్కనుంచి ఈయన వైపు పొడుచుకొచ్చి ఉండేది. అక్క క్లచ్ తొక్కి "ఊఁ" అనేది. తమ్ముడు రాడ్డు లాగేవాడు. బండి రెండో గేరులో పడేది. మళ్లీ "ఊఁ". మూడు.

"చిన్నోడా, క్లచ్ అడుగంటా తొక్కాకే రాడ్డు ముట్టుకోవాలి. సగం తొక్కి గేరు మార్చడం కన్నా, దిగి బండి తోసుకోవడం నయం" అనేది. ఆ మాట ఆయన చెవిలో గూడు కట్టుకుని ఉండిపోయింది. పెద్దయ్యాక తన దగ్గర పనికొచ్చిన ప్రతివాడికీ అదే మాట చెప్పాడు.

ముప్ఫై నాలుగేళ్లు తాబేలు తోలాక అక్క బడి పిల్లల పని మానేసింది గానీ బండి మానలేదు. వీధిలో నలుగురు ముసలమ్మలకి ఆవిడే రథసారథి. ఆస్పత్రికంటే ఆవిడే, కళ్లజోడు కొనుక్కోవాలంటే ఆవిడే. అలాంటిది రెండేళ్ల కిందట తాబేలు ఇంజను పగిలింది. అతికించడానికి లేదు, దొరకడానికి లేదు. బండి టార్పాలిన్ కింద పడుకుంది. అక్క కిటికీ దగ్గర కూర్చుంది. రెండూ ఒకేలా కనిపించాయి తమ్ముడికి.

అక్క మొగుడు, అంటే మన డాక్టరుగారి బావ, ఇంజన్ల మనిషి. ఇద్దరి షెడ్లకీ మధ్య ఒకే గోడ. ఆ గోడ మీదుగా నలభై ఏళ్లుగా ఒకటే గొడవ, ఇంజను గొప్పదా గేర్‌బాక్సు గొప్పదా అని. ఆ బావ ఈ మధ్య ఎక్కడో తుక్కుకి వెళ్లబోతున్న వ్యాను డీజిలింజను పట్టుకొచ్చి, తాబేలు కడుపులో కూర్చోబెట్టి, బోల్టులు బిగించి, మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"బామ్మర్దీ, నా పనయిపోయింది. పాత ఇంజనుకి రెండింతల బలం. ఇక నీ పళ్లు కట్టుకో."

"గుర్రాన్ని కొన్నావు బావా, బాగానే ఉంది. ఆ లాగుడికి పాత గేర్‌బాక్సు ఎన్నాళ్లాగుతుంది? ఎత్తు మీద ఒక్క గుంజు గుంజితే పళ్లన్నీ రాలి ఒళ్లో పడతాయి."

"అయితే ఆ వ్యానుదే ఐదు గేర్ల బాక్సుంది. ఇంజనుకి అమ్మకడుపునుంచి వచ్చిన జోడీ."

"దాని మొదటి గేరు బరువులు మోయడానికి. ఎక్కీ ఎక్కకముందే రెండోది అడుగుతుంది. రాడ్డు నేల మీదకొస్తుంది, అడుగు కొయ్యాలి."

"మరి అదే వ్యానుకి ఆటోమేటిక్ కూడా వచ్చింది. మీ అమ్మాయి షెడ్డులో..."

అంతే. డాక్టరు చేతిలో టీ గ్లాసు బల్ల మీద ఠక్కుమంది. "ఆ సోమరిపోతుల డబ్బా సంగతి నా ముందు ఎత్తకు! గేరు ఎప్పుడు మార్చాలో మనిషికి తెలియాలి గానీ డబ్బాకి తెలియడమేంటి?"

ఈ మంట వెనక ఒక కథ ఉంది. డాక్టరుకి ఒక్కతే కూతురు. తండ్రి దగ్గరే పని నేర్చింది, చెయ్యి మంచిది. ఆరేళ్ల కిందట "నాన్నా, నేను ఆటోమేటిక్ గేర్‌బాక్సులు నేర్చుకుంటా, రేపటి బళ్లన్నీ అవే" అంది. "నేర్చుకో. ఆ డబ్బా మాత్రం నా షెడ్డు గడప తొక్కకూడదు" అన్నాడు తండ్రి. ఆ పిల్లా ఆయన కూతురే కదా, మూడు షెడ్ల అవతల సొంతంగా తెరిచింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బల్ల మీద తింటారు, ఎండలూ వానలూ చుట్టాలూ పక్కాలూ అన్నీ మాట్లాడుకుంటారు. గేర్‌బాక్సన్న మాట మాత్రం రాదు. ఈ ఆరేళ్లలో ఆయన ఆ షెడ్డులో అడుగుపెట్టిన పాపాన పోలేదు.

సరే, ఆటోమేటిక్ కాదు, పాతది ఆగదు. ఐదు గేర్లదే అని తేల్చాడు. గోడ మీద సుద్దముక్కతో చక్రాలూ పళ్లూ లెక్కలు వేశాడు. తాబేలు వెనక ఇరుసు మెల్లగా తిరిగే రకం కాబట్టి ఐదో గేరు దానికి వరమని చూపించాడు. బావ కూడా ఒప్పుకున్నాడు, అదొక వింత. పాత గేర్‌బాక్సు దించి, అలవాటు కొద్దీ విప్పి, కడిగి, పేర్చి చూశాడు. రెండో గేరు పళ్ల అంచులు కొరికేసినట్టున్నాయి. మూడోదీ అంతే.

"ముసలిదైపోయింది పాపం. ఇన్నేళ్లు నమిలింది, అరగదూ? దానికి తోడు నువ్వు పోసే చవక ఆయిలొకటి" అని బావ మీదకి తోసేసి, ఆ రెండో గేరు చక్రాన్ని బిల్లులు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకున్నాడు.

"మీ అక్కకి కాళ్ల పరీక్ష పెట్టవా? ఇంకో బండిలోనైనా చూడొచ్చుగా" అన్నాడు బావ నవ్వుతూ.

"మా అక్కకా! తొక్కడం నాకు నేర్పిందే ఆవిడ. ఆవిడకి పరీక్ష పెట్టేంత మొనగాణ్ణయిపోయానా?"

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారే, ఇక్కడ వైద్యుడే పెరట్లోకి తొంగిచూడలేదు.

మూడు నెలలు పట్టింది. తాబేలు అడుగు కోశాడు. రాడ్డు పైకి రావడానికి ఆ పొడుగాటి బెంచీ సీటుని మధ్యకి కోసి రెండు చేశాడు. క్లచ్ గట్టిది వేశాడు, ఆ ఇంజను లాగుడికి అది తప్పదు. అన్నీ అయ్యాక అక్కని పిలిచాడు. అక్క వచ్చింది. బండి చుట్టూ తిరిగి, తలుపు తెరిచి, కోసిన సీటు వంక చూసి ఆగింది.

"మరి నువ్వెక్కడ కూర్చుంటావురా?" అంది.

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

స్టీరింగు ముందు కూర్చుని తీసింది. తాబేలు వీధిలోకి వెళ్తుంటే డాక్టరు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొదటి గేరు సరే. రెండోది కర్ర్‌మంది. మలుపు దగ్గర మూడోది ఇంకా గట్టిగా. ఆ చప్పుడు ఆయన పళ్లలోంచి దూసుకుపోయింది. చిన్న చుట్టు చుట్టి వెనక్కొచ్చి, తలుపు పట్టుకుని నెమ్మదిగా దిగింది అక్క.

"బాగుందిరా. కొత్తది కదా, అలవాటవ్వాలి" అని భుజం తట్టి నడిచి వెళ్లిపోయింది. బండి తీసుకెళ్లలేదు.

వారం గడిచింది, రాలేదు. పది రోజులకి బావ గోడ మీంచి తొంగిచూశాడు. ఆ మొహంలో మీసం తప్ప ఏమీ బాగాలేదు. "మీ అక్క తాబేలుని హోటలాయనకి ఇచ్చేస్తానని మాటిచ్చేసింది. హోటలు ముందు నిలబెట్టి పూలకుండీలు పెట్టుకుంటాట్ట. ఒకటో తారీకు పొద్దున క్రేను తెస్తాడు."

ఒకటో తారీకు ఇంకా తొమ్మిది రోజులుంది. డాక్టరు ఒంటి మీద గ్రీజు బట్టలతోనే అక్క ఇంటికి పరుగెత్తాడు. అక్క వంటింట్లో స్టూలు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"నా పని నచ్చకపోతే నచ్చలేదని మొహం మీద చెప్పు! పూలకుండీలేంటక్కా? కదిలే బండిని దిష్టిబొమ్మలా నిలబెడతావా?"

"నచ్చిందిరా."

"నచ్చితే తోలవేం?"

"వయసైంది. చాల్లే ఇక."

"అరవై ఎనిమిదికే వయసా? కిందటేడాది అటకెక్కి ఇత్తడి బిందె దించింది నువ్వు కాదూ?"

అక్క తలెత్తలేదు. "నేను తోలని బండి ఎక్కడ నిలబడితే ఏమిట్రా. పద, చెయ్యి కడుక్కో, టీ పెడతా."

టీ లేదు, గీ లేదు. ఆయన విసురుగా బయటికొచ్చేశాడు. అంత కష్టపడి చేస్తే! తొలిసారి అక్క మీద కోపమొచ్చింది. షెడ్డుకొచ్చి బల్ల మీద గుద్దాడు. బిల్లులు ఎగిరాయి, వాటి మీది గేరు చక్రం దొర్లి కాలి మీద పడింది. "అబ్బా!" అని బొటనవేలు రుద్దుకుంటూ దాన్ని తీశాడు. తీశాడు కదా, చేతికి అలవాటు, కళ్లజోడు ముక్కు కొసకి జారింది.

అది అరుగుదల కాదు. అరిగిన పన్ను నున్నగా ఉంటుంది. ఇది అంచుల దగ్గర కొరికి కొరికి వదిలిన పన్ను. ఇంకెవరు తెచ్చి ఇచ్చినా అరనిమిషంలో చెప్పేవాడు, క్లచ్ పూర్తిగా దిగకుండా గేరు మారుస్తున్నారని. పాత క్లచ్ ప్లేటు మూలనుంచి తీసి చూశాడు. బాగుంది. క్లచ్ తీగ చూశాడు. అదీ బాగుంది. ఇక మిగిలింది కాలు. ఎడమకాలు.

నాలుగు నెలలుగా ఆ చక్రం కళ్లెదుటే ఉంది. దానికింద బిల్లులు పెట్టుకున్నాడు! ఊళ్లో అందరి గుట్టూ చెప్పే మహానుభావుడు సొంత అక్క రాసిన ఉత్తరాన్ని చదవలేకపోయాడు. సిగ్గేసింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది. బెంచీ మీద కూర్చుని గ్రీజు చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు. మొహమంతా నల్లగా అయింది.

మర్నాడు పొద్దున్నే తాబేలుని అక్క గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టాడు.

"ట్యాంకు దాకా ఒక్క చుట్టు తోలక్కా. నేను పక్కన కూర్చుంటా."

"ఎందుకురా?"

"కాళ్లు చూడటానికి."

అక్క ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. వచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. ఆయన తల వంచాడు. మొదటిసారిగా అక్క పాదాలు చూశాడు. కుడిపాదం హుషారుగా ఉంది. ఎడమపాదం క్లచ్ మీదకి వెళ్లి, సగం దిగి, అక్కడే వణికింది. అప్పుడు అక్క రాడ్డు మీంచి చెయ్యి తీసి, అరచేత్తో తన మోకాలినే కిందకి నొక్కింది. క్లచ్ ఇంకాస్త దిగింది. గబుక్కున చెయ్యి రాడ్డు మీదకి వెళ్లేసరికి కాలు పైకొచ్చేసింది. కర్ర్.

ట్యాంకు దాకా పోలేదు. రోడ్డు పక్కన ఆపేసింది.

"ఎన్నాళ్లనించి?" అన్నాడు తలెత్తకుండానే.

"నాలుగేళ్లు. నడుము దగ్గర నరం నొక్కుకుందట. తిమ్మిరి. డాక్టరు దగ్గరికి వెళ్లానులే, అసలు డాక్టరు. కుడికాలు గుర్రంలా ఉందన్నాడు. ఎడమది మాత్రం ఇంతేనట."

"బావకి కూడా చెప్పలేదా?"

"బెణికిందన్నాను. నమ్మాడు. మీ బావ ఇంజను మాటే నమ్మడు గానీ, మనుషులేం చెప్పినా నమ్మేస్తాడు."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

అక్క స్టీరింగు మీద వేలితో గీతలు గీసింది. "ఏమని చెప్పనురా? సగం తొక్కి గేరు మార్చకు అని నెత్తిన మొట్టి నేర్పింది నేనే కదా. ఇప్పుడు నేనే పళ్లు కొరికిస్తున్నానని నీతో ఎలా అనను? నువ్వు గేర్‌బాక్సు విప్పి దుప్పటి మీద పేర్చిన రోజు నా గుండె దడదడలాడింది. చూస్తావు, చెప్పేస్తావు, బతికిపోతాను అనుకున్నా. నువ్వేమో ముసలిదైపోయిందన్నావని మీ బావ చెప్పాడు. గేరుని అన్నావో నన్నన్నావో గానీ, ఇక సరేలే అనుకున్నా."

ఆయన మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు తప్పు తొక్కుతావని నాకు తట్టనే లేదక్కా. ప్రపంచంలో ఎవరైనా తొక్కుతారు గానీ నువ్వు తొక్కవనుకున్నా."

"నాకూ కాళ్లేరా ఉన్నవి" అంది అక్క. ఆయన చెవి పట్టుకుని మెలిపెట్టి, తర్వాత ఆ చెవినే నిమిరింది. "ఏడవకు. ముందే నల్లమొహం."

ఆ రోజు మధ్యాహ్నం వీధి వీధంతా పని ఆపి చూసింది. పళ్ల డాక్టరు తన షెడ్డు దిగి, ఒకటి, రెండు, మూడు షెడ్లు దాటి, కూతురి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నాన్నా, చెప్పులు అక్కడ విప్పు. చేతులు కడుక్కో. సబ్బుంది" అంది కూతురు లోపల్నుంచి, ఏదో రోజూ వచ్చే మనిషితో అన్నట్టు.

లోపల నేల ఆస్పత్రిలా మెరుస్తోంది. డాక్టరు అలవాటుగా జేబులోంచి నూలు వేస్టు తీయబోయాడు.

"అది బయట పడెయ్యి. ఇక్కడ ఒక్క నూలుపోగు పడితే వాల్వు ఇరుక్కుని బండి మొండికేస్తుంది."

పడేశాడు. నోరెత్తకుండా! వీధిలో ఎవరికి చెప్పినా నమ్మరు. చేతులు తుడుచుకుని, నేల వంక చూస్తూ, అక్క కాలి సంగతంతా చెప్పాడు. కూతురు విని, అలమర తలుపు తీసింది. తెల్లటి గుడ్డ కప్పి, కడిగి బిగించి, సిద్ధంగా ఉందొక ఆటోమేటిక్ గేర్‌బాక్సు. బావ తెచ్చిన వ్యానింజనుకి అచ్చంగా సరిపోయేది. కంప్యూటరు గొడవ లేని పాత రకం.

"దీన్నెప్పుడు కొన్నావు?"

"మావయ్య ఇంజను తెచ్చిన వారానికి. అత్తయ్య మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం అప్పటికే చూశా."

"మరి చెప్పవేం అమ్మలూ?"

"మూడుసార్లు మొదలెట్టా. ఆటో అనే లోపలే నువ్వు కంచం ముందు నుంచి లేచిపోయావు."

"ఇందులో గేరు ఎప్పుడు మార్చాలో దానికెలా తెలుస్తుందో కాస్త చెప్పు" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూతురు చెప్పింది. లోపలి ఆయిలు ఒత్తిడి బండి వేగాన్నీ, కుడికాలు ఎంత తొక్కిందీ కనిపెట్టి గేరు మారుస్తుందని. ఆయన విని, "అంటే ఇదీ కాళ్లే చూస్తుందన్నమాట" అన్నాడు. కూతురు పకపకా నవ్వింది. ఆరేళ్ల తర్వాత ఆ ఇద్దరూ గేర్‌బాక్సు గురించి మాట్లాడుకున్న మొదటి మాటలు అవి.

ఎనిమిది రోజులు. ముగ్గురూ తాబేలు కిందే బతికారు. కూతురు చెప్పడం, తండ్రి చెయ్యడం, బావ పక్కన నిలబడి "తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నవాడు ఇప్పుడు నాలుగో కాలు లెక్కపెడుతున్నాడండోయ్" అని వచ్చేపోయేవాళ్లకి చాటింపు వెయ్యడం. ఆయిలు చల్లబడే గొట్టాలు రేడియేటరు పక్కన అమర్చారు, ఇరుసుకి వెళ్లే షాఫ్టు పొట్టి చేశారు. కోసిన అడుగుకి డాక్టరు రేకు వేసి అతికించాడు. క్లచ్ పెడలు తీసేశాడు. గుజిరీలో పడేసిన పాత గేరు రాడ్డు వెతికి తెచ్చి, మెరుగుపెట్టి, స్టీరింగు పక్కన మళ్లీ దాని చోట్లో బిగించి, అక్కణ్ణుంచి కొత్త గేర్‌బాక్సుకి సన్న కడ్డీ ఒకటి చేసి కలిపాడు.

"రాడ్డు కింద పెడితే ఒక్కరోజు పని నాన్నా, దీనికి మూడు రోజులు పట్టింది" అంది కూతురు.

"పట్టనీ."

ఆఖర్న, రెండుగా కోసిన సీటు కలిపి కుట్టాడు. కుట్టు కనబడుతూనే ఉంది. దాన్ని దాచడం ఆయన వల్ల కాలేదు.

ఒకటో తారీకు పొద్దున వీధి చివర హోటలాయన క్రేను వచ్చి ఆగింది. హోటలాయన దిగి, జేబులోంచి టేపు తీసి, పూలకుండీలు ఎక్కడెక్కడ పడతాయో అని కాబోలు, తాబేలు బానెట్టు కొలవడం మొదలెట్టాడు. అక్క తమ్ముడి షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. ముందు సీటు చూసింది. మధ్యలో కుట్టు మీద వేళ్లు ఆనించింది. స్టీరింగు పక్కన రాడ్డు చూసింది. కూర్చుంది. ఎడమకాలు అలవాటుగా క్లచ్ కోసం వెతికింది. అక్కడ ఏమీ లేదు. ఖాళీ. ఆ కాలిని నెమ్మదిగా వెనక్కి లాక్కుని సీటు కింద పెట్టుకుంది. ఆ కాలు నాలుగేళ్లలో మొదటిసారి ఆ బండిలో ఊరికే కూర్చుంది.

"కుడికాలు బ్రేకు మీద ఉంచు అత్తయ్యా, రాడ్డు ఒక్కసారి కిందకి లాగితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది" అంది మేనకోడలు కిటికీలోంచి.

బావ కిటికీ పక్క సీటుకని తలుపు తీశాడు. డాక్టరు ఆయన్ని పక్కకి నెట్టి ముందు తను దూరాడు. మోకాళ్లు ముడుచుకుని సరిగ్గా ఆ కుట్టు మీద కూర్చున్నాడు. ఆయన వెనకాలే బావా ఎక్కి కిటికీ పక్కన సర్దుకున్నాడు. డాక్టరు యాభై ఎనిమిదేళ్ల మనిషి, అంత పెద్ద బొజ్జ, ఇరుకుగానే ఉంది.

"ఏమండీ, బండి నాకిచ్చారు కదా?" అన్నాడు హోటలాయన టేపుతో ముందు నిలబడి.

"నిలబెట్టే బండి ఇస్తానన్నా నాయనా. ఇది నడిచే బండి. కాస్త తప్పుకో" అంది అక్క.

ఇంజను అందుకుంది. అక్క రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది. రాడ్డు ముట్టుకోలేదు. తమ్ముడి వైపు తిరగలేదు కూడా. రోడ్డునే చూస్తూ,

"ఊఁ" అంది.

తమ్ముడు రాడ్డు లాగాడు.